కాగితాల్లో కనపడని తుప్పు

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. ప్రత్యేక సంచిక కోసం వక్త స్వయంగా తిరగరాసి ఇచ్చినది.)



నన్ను ఒక అరగంట మాట్లాడమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, ఏ విషయం మీద అన్నాను. "కరువు భత్యం బకాయిల మీద ఇద్దరు మాట్లాడుతున్నారు, మోకాళ్ళ నొప్పుల మీద డాక్టరుగారు మాట్లాడతారు, మీరు ఇంకేదైనా చెప్పండి" అన్నారు. అయితే పాత లారీల అడుగున పట్టే తుప్పు గురించి చెబుతానన్నాను. ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "సభలో లారీలున్నవాళ్ళు ఎవరున్నారండీ?" అన్నారు. లారీలున్నవాళ్ళు లేకపోవచ్చు. లారీలు కొనబోయే కొడుకులు, అల్లుళ్ళు ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ కొనుగోలుకి డబ్బిచ్చేది మనమే.

మనలో చాలామందికి పదవీ విరమణనాడు చేతికొచ్చిన సొమ్మే జీవితంలో ఒక్కసారిగా చూసిన పెద్ద సొమ్ము. దాని మీద పిల్లల చూపు పడటం సహజం, తప్పు కూడా కాదు. ఉద్యోగాలు దొరకని రోజుల్లో చేతిలో డ్రైవింగు ఉన్న కుర్రాడు సొంత బండి కావాలనుకోవడం మంచి ఆలోచనే. కొత్త బండికి పెట్టుబడి చాలదు. అందుకని పదేళ్ళు తిరిగిన బండి చూస్తారు. పైన రంగు చూస్తారు, ఇంజను చప్పుడు వింటారు, టైర్లు చూస్తారు. అడుగున ఎవరూ చూడరు. నేనూ చూడలేదు. చూడనందుకు ఏమైందో ముందు చెప్పి, ఎలా చూడాలో తర్వాత చెబుతాను.

నేను 1974లో రవాణా శాఖలో గుమాస్తాగా చేరాను. 1939 నాటి మోటారు వాహనాల చట్టం కింద కలం పట్టి, 1988 చట్టం కింద కలం దించాను. 2009 జూన్‌లో సీనియర్ అసిస్టెంటుగా విరమించేనాటికి నా బల్ల మీదుగా ఎన్ని వేల లారీల కాగితాలు పోయాయో లెక్క లేదు. కానీ లారీ ఇనుము ఒక్కనాడూ నా చేతికి తగల్లేదు. యాజమాన్య బదిలీ దరఖాస్తులతో ఛాసిస్ నంబరుకి పెన్సిల్ అచ్చు ఒకటి వచ్చేది. నంబరు మీద పలచటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది తీసేవారు. ముప్ఫయి అయిదేళ్ళలో నాకు లారీ ఇనుముతో ఉన్న పరిచయం ఆ పెన్సిల్ గీతలంతే.

మా రెండోవాడు అప్పటికి ఆరేళ్ళుగా ఇంకొకరి లారీ నడుపుతున్నాడు. 2010 ఆగస్టులో, "నాన్నగారూ, పదకొండేళ్ళ బండి ఒకటి అమ్మకానికి వచ్చింది, నాలుగు లక్షల డెబ్బై అయిదు వేలు చెబుతున్నారు" అన్నాడు. ఆరు చక్రాల లారీ. నా గ్రాట్యుటీలోంచి, కమ్యుటేషన్‌లోంచి మూడున్నర లక్షలు ఇచ్చాను. మిగతాది వాడు కూడబెట్టుకున్నది. కాగితాల పని మాత్రం నాదేనన్నాను. రిజిస్ట్రేషను చూశాను. పన్ను రసీదులు, బీమా, పర్మిట్టు, ఫిట్‌నెస్ చూశాను. ఫైనాన్సు కంపెనీ బాకీ తీరిందన్న ముప్ఫై అయిదో నంబరు ఫారం చూశాను. ఇరవై తొమ్మిది, ముప్ఫై ఫారాల మీద సంతకాలు నా ఎదుటే చేయించాను. పెన్సిల్ అచ్చు నేనే తీశాను. అచ్చు తీస్తూ వంగినప్పుడు ఛాసిస్ అంతా నిగనిగలాడే నల్లరంగుతో కనబడింది. "అడుగున కూడా రంగు వేయించాడు, శ్రద్ధగల మనిషి" అని అమ్మకందారుణ్ణి మెచ్చుకున్నాను కూడా.

నాలుగు నెలలు బండి బాగానే తిరిగింది. డిసెంబరులో ధాన్యం బస్తాల లోడుతో వెళ్తుండగా రావులపాలెం దాటాక వెనక ఎడమవైపు పెద్ద చప్పుడైంది. కమాన్ కట్టలను ఛాసిస్‌కి పట్టి ఉంచే బ్రాకెట్టు, తనతోపాటు ఛాసిస్ రేకు ముక్కను కూడా చించుకుని ఊడిపోయింది. బాడీ టైరు మీదికి ఒరిగి రబ్బరు పొగలు వచ్చాయి. మావాడు బండిని ఎలాగో రోడ్డు వారకు దింపి ఆపాడు. క్లీనరు కుర్రాడు భయపడి దూకేశాడు, మణికట్టు విరిగింది. పద్దెనిమిదేళ్ళవాడు. ఎదురుగా ఏ ఆటోయో వస్తుంటే ఈరోజు నేను మీ ముందు నిలబడి మాట్లాడగలిగేవాణ్ణి కాదు.

బండిని షెడ్డుకి లాగించారు. నేను బస్సెక్కి వెళ్ళాను. అక్కడి మేస్త్రీ నా ఈడువాడే. చిన్న సుత్తి తీసుకుని ఆ నల్లరంగు మీద కొట్టాడు. అరచేయంత పెచ్చు ఊడి కింద పడింది. ఇంకోచోట కొట్టాడు, ఇంకో పెచ్చు. రంగుకీ ఇనుముకీ మధ్య అప్పడాల కట్టలాగా పొరలు పొరలుగా తుప్పు. బాడీ చెక్కల సందులోంచి తెల్లటి పొడి గీకి నా చేతిలో వేసి, నాలుక మీద పెట్టుకుని చూడమన్నాడు. ఉప్పు. ఆ బండి ఎన్నో ఏళ్ళు ఉప్పు మోసిందని అప్పుడు తెలిసింది. నేను రవాణా శాఖలో చేశానని తెలిసి ఆయన అన్న మాట నాకు ఈరోజుకీ గుర్తు: "మీరు కాగితాలు కొన్నారండీ గుమాస్తాగారూ, లారీ కొనలేదు."

మరమ్మతుకి తొంభై రెండు వేలయింది. ఇరవై ఆరు రోజులు బండి షెడ్డులోనే ఉంది. క్లీనరు కుర్రాడి వైద్యం మా ఖర్చే. మరుసటి ఏడు ఆ బండిని, ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పి, రెండు లక్షల పదివేలకు అమ్మేశాం. బీమా కంపెనీకి దరఖాస్తు పెట్టబోతే పాలసీ వెనక చిన్న అక్షరాలు చదువుకోమన్నారు. అరుగుదల, తరుగుదల, యాంత్రిక వైఫల్యం వారి పూచీ కాదని రాసి ఉంది. తుప్పు అరుగుదల కిందే లెక్క. చదవడం నా వృత్తి అయివుండి ఆ అక్షరాలు చదవలేదు. మా ఆవిడ నన్ను ఒక్కమాట అనలేదు. "ముప్ఫై అయిదేళ్ళు చూసిన కళ్ళు కదా" అని మాత్రం అంది. తిట్టినా బాగుండేది.

కమ్యుట్ చేసిన పింఛను భాగం పదిహేనేళ్ళకు తిరిగి కలుస్తుందని మనందరికీ తెలుసు. నాది 2024లో కలిసింది. ఆ పదిహేనేళ్ళూ ప్రతి నెలా పింఛను స్లిప్పులో ఆ కోత చూసినప్పుడల్లా, ఈ డబ్బు తుప్పుకింద పోయింది కదా అనుకునేవాణ్ణి.

మరి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉంది కదా అంటారు. ఉంది. దాని సంగతి మనకు బోధపడే భాషలో చెబుతాను. ఏటేటా మనం లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం. మనం బతికి ఉన్నామని అది చెబుతుంది. మోకాళ్ళు ఎలా ఉన్నాయో చెప్పదు. ఫిట్‌నెస్ కూడా పరీక్ష జరిగిన రోజున బండి ఎలా ఉందో చెబుతుంది. ఇప్పటి నిబంధనల ప్రకారం ఎనిమిదేళ్ళు దాటిన రవాణా వాహనానికి దాన్ని ఏటా తీసుకోవాలి. తీసుకున్న మర్నాటి నుంచి ఉప్పు మోస్తే ఆ సర్టిఫికెట్ ఏం చేయగలదు? అది తప్పనిసరిగా ఉండాల్సిన కాగితం. కానీ మన కళ్ళకు బదులు కాదు.

ఇప్పుడు తుప్పు ఎందుకు పడుతుందో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. ఇనుముకి తడి, గాలి రెండూ తగిలితే తుప్పు. ఉప్పు తోడైతే ఆ పని ఎన్నో రెట్లు వేగంగా సాగుతుంది. పైగా ఉప్పు గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది కాబట్టి వాన లేని రోజున కూడా ఇనుమును తడిగానే ఉంచుతుంది. రాగికీ అల్యూమినియానికీ పట్టే పొర కింది లోహాన్ని కొంత కాపాడుతుంది. ఇనుము తుప్పుకి ఆ గుణం లేదు. అది గుల్లగా ఉండి, తడిని పట్టి, కిందిదాన్ని కూడా తింటుంది. ఇంకొక సంగతి. తుప్పు తాను తిన్న ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రెండు రేకులు కలిపి రివెట్లు కొట్టినచోట మధ్యలో తుప్పు చేరితే ఉబ్బి ఆ రేకులను విడదీస్తుంది. ఆ ఉబ్బును కంటితో చూడవచ్చు. నాకు అది చూడటం రాలేదు, అంతే.

అందువల్ల కొనేముందు మొదటి ప్రశ్న ధర కాదు. "ఈ బండి ఇన్నాళ్ళూ ఏం మోసింది? రాత్రిళ్ళు ఎక్కడ ఉండేది?" అని అడగాలి. నౌపడా, చినగంజాం వంటిచోట్ల ఉప్పు ఎత్తిన బండి, ఓడరేవుల్లో ఎరువులు ఎత్తిన బండి, ఐసుతో చేపలు, రొయ్యలు మోసిన బండి, సముద్రపు గాలి తగిలేచోట ఆరుబయట నిలబడిన బండి, వీటన్నిటినీ అనుమానంగానే చూడాలి. ఎరువుల్లో పొటాష్ కూడా ఒకరకం ఉప్పేనని మరవకండి. అనంతపురం వైపు పొడి నేలల్లో తిరిగిన బండికి అదే వయసులో అడుగుభాగం మెరుగ్గా ఉండే అవకాశం ఎక్కువ. అమ్మేవాడు నిజం చెప్పకపోవచ్చు. అప్పుడు బండినే అడగాలి. బాడీ చెక్కల సందుల్లో, మూలల్లో తెల్లటి పొడి ఉందా? ఎండలో నిలబడితే చేపల వాసన వస్తోందా? డ్రైవరును విడిగా పలకరిస్తే ఏం చెబుతున్నాడు?

రెండోది, బండిని పగటిపూట, ఖాళీగా, ఒంటి మీద తడి లేకుండా ఉన్నప్పుడు చూడాలి. అప్పుడే కడిగిన బండిని, సాయంకాలం చీకటివేళ చూపించే బండిని ఇంకో రోజు చూస్తామనండి. కిందికి వెళ్ళేముందు మన ప్రాణం సంగతి. సమంగా ఉన్న నేల మీద నిలబెట్టించి, ఇంజను ఆపించి, తాళం మన జేబులో వేసుకుని, చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టించాలి. జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి ఎట్టి పరిస్థితిలోనూ తల పెట్టవద్దు. సర్వీసింగు గుంట ఉన్న షెడ్డుకి తీసుకుపోగలిగితే అన్నిటికంటే మేలు. మన వయసువాళ్ళు గుంటలో దిగేటప్పుడు పక్కన ఒక మనిషిని పెట్టుకోవాలి.

కావలసిన సామాను అయిదు వస్తువులు. టార్చిలైటు, చిన్న సుత్తి, స్క్రూడ్రైవరు, అయస్కాంతం, పడుకోవడానికి గోనెసంచి. యజమానితో ముందే చెప్పి సుత్తి వాడాలి. కొట్టనివ్వనన్నాడంటే అదే సమాధానం అనుకుని తిరిగి వచ్చేయండి. సంతలో కుండ కొనేటప్పుడు మన ఆడవాళ్ళు వేలితో కొట్టి చూస్తారు కదా. ఇదీ అంతే. గట్టి ఇనుము ఖంగుమంటుంది. తిన్న ఇనుము దబ్బుమంటుంది. గట్టిగా మోదనక్కరలేదు. బ్రేకు గొట్టాల మీద, గాలి ట్యాంకుల మీద మాత్రం సుత్తి వేయకండి. వాటిలో ఒత్తిడి ఉంటుంది, అది ప్రమాదం. అనుమానం ఉన్నచోట స్క్రూడ్రైవరు మొనతో పొడిచి చూడండి. క్యాబిను రేకు మీద అయస్కాంతం పెట్టండి. పట్టకుండా జారిపోతే అక్కడ ఇనుము లేదు, లప్పం పెట్టి రంగు వేశారని అర్థం.

తుప్పును మూడు తరగతులుగా చూడమని మేస్త్రీ నాకు నేర్పాడు. మొదటిది పై తుప్పు. ఎర్రటి పొడిలా ఉంటుంది, గోకితే కింద మెరిసే ఇనుము కనబడుతుంది. పదేళ్ళ బండికి అది ఉండటం సహజం, దాన్ని చూసి బెదరనక్కరలేదు. రెండోది పొర తుప్పు. పెచ్చులుగా లేస్తుంది, పెచ్చు ఊడినచోట ఇనుము గుంటలు పడి ఉంటుంది. అది ఎక్కడ ఉంది, ఎంత లోతు అన్నదాన్ని బట్టి బేరం. మూడోది తొలిచిన తుప్పు. స్క్రూడ్రైవరు లోపలికి దిగిపోతుంది, అంచులు రంపపు పళ్ళలా ఉంటాయి. అది ఛాసిస్‌లో ఉంటే బేరమే లేదు.

ఎక్కడ చూడాలన్నది ముఖ్యం. ఛాసిస్ అంటే రెండు పొడుగు చానళ్ళు, వాటిని కలిపే అడ్డ చానళ్ళు. మొదట కమాన్ కట్టల బ్రాకెట్లు ఛాసిస్‌కి బిగించినచోట చూడండి. బరువంతా అక్కడే పడుతుంది. నా బండి చినిగిందీ అక్కడే. తర్వాత చానలు లోపలివైపు కింది అంచు. చక్రాలు చిమ్మిన మట్టి అక్కడ చేరి నెలల తరబడి తడిగా ఉంటుంది, దాన్ని గీకి చూడాలి. మూడోది, బాడీ దూలాలు ఛాసిస్ మీద కూర్చునేచోట. మధ్యలో పెట్టిన చెక్క గాని రబ్బరు గాని నీళ్ళను పట్టి ఉంచుతుంది. నాలుగోది, రివెట్లు కొట్టిన జంట రేకులు, ఉబ్బాయేమో చూడండి. అయిదోది డీజిలు ట్యాంకు పట్టీల వెనక, బ్యాటరీ పెట్టె కింద. బ్యాటరీ ఆమ్లం కారినచోట ఇనుము తొందరగా పోతుంది. ఆరోది ఇనుప బ్రేకు గొట్టాలు, వాటి క్లిప్పుల దగ్గర. ఏడోది క్యాబిను నేల. కాళ్ళ కింది మ్యాటు ఎత్తించి చూడండి, పగలు కింది రోడ్డు కనబడే బళ్ళు నేను చూశాను. చివరికి ఛాసిస్ నంబరు కొట్టినచోటు. అంకెలు తుప్పులో కలిసిపోయి ఉంటే రేపు బదిలీ చేయించుకునేటప్పుడు మీకే చిక్కు. పెన్సిల్ అచ్చు స్పష్టంగా వస్తేనే అడ్వాన్సు ఇవ్వండి.

ఇక కొత్త రంగు విషయం. పైన పటారం, లోన లొటారం అన్న సామెత ఈ బళ్ళ కోసమే పుట్టిందనిపిస్తుంది. రంగు వేయడం తప్పు కాదు. అయితే జాగ్రత్తగా వేసినవాడు ముందు గీకుతాడు, రబ్బరు గొట్టాలకు కాగితం చుడతాడు. దాచడానికి వేసినవాడు ఒకేపూటలో అన్నిటి మీదా కొట్టేస్తాడు. రబ్బరు గొట్టాల మీద, వైర్ల మీద, గ్రీజు నిపిల్స్ మీద, ఆఖరికి ఎండిన మట్టి మీద కూడా నల్లరంగు ఉంటే అది అమ్మకం రంగు. అడుగున దుమ్ము, కాస్త నూనె మరక, అక్కడక్కడ ఎర్ర పొడి ఉన్న బండి దానికంటే నిజాయితీగా ఉన్నట్టు. తారులాంటి మందపాటి పూత ఉంటే ఇంకా అనుమానించండి. తుప్పు మీద ఆ పూత వేస్తే తడి లోపలే ఉండిపోయి పైకి తెలియకుండా తింటుంది.

ఛాసిస్ మీద వెల్డింగు అతుకులు కనబడితే ఆగండి. పొడుగు చానలు పై అంచు, కింది అంచు బండి బరువును మోసే ఎముకలు. వాటికి రంధ్రాలు వేయవద్దనే తయారీదార్లు చెబుతారు. అక్కడ అతుకు ఉందంటే ఎందుకు వేశారో తెలుసుకోవాలి. బ్రేకు గొట్టాలు మార్చుకోవచ్చు, క్యాబిను రేకు వేయించుకోవచ్చు, ట్యాంకు పట్టీలు కొత్తవి కొనుక్కోవచ్చు. ఆ ఖర్చు లెక్కగట్టి ధరలో తగ్గించమనండి. బ్రాకెట్ల దగ్గర పొడుగు చానలు తినేసి ఉంటే మాత్రం సగం ధరకు ఇచ్చినా వద్దనండి. ఒక మంచి మేస్త్రీకి రోజు కూలీ ఇచ్చి వెంట తీసుకువెళ్ళండి. బండి చూపిస్తున్న బ్రోకరు తెచ్చిన మేస్త్రీ వద్దు, మీ మేస్త్రీ కావాలి.

2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో ఎన్నో వాహనాలు నీట మునిగాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖలో చేసిన బీభత్సం మీకు తెలుసు. మునిగిన బళ్ళు కడిగించుకుని వేరే ఊళ్ళలో అమ్మకానికి వస్తాయి. చానళ్ళ లోపల సన్నటి ఒండ్రు, సీటు కింద బోల్టులకు తుప్పు, క్యాబిను లోపల ఎంతకీ పోని ముక్క వాసన, ఇవి గుర్తులు. నది నీరైనా సరే, ఒండ్రు పేరుకున్నచోట తడి ఆరదు.

మన పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్ళు కూడా ఈ సంచిక చదువుతారని కార్యదర్శిగారు చెప్పారు. అక్కడ ఉత్తరాది రాష్ట్రాల్లో శీతాకాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అందుకని అక్కడ సముద్రానికి వందల మైళ్ళ దూరాన తిరిగిన పాత ట్రక్కుకి కూడా మన ఉప్పు లారీ జబ్బే వస్తుంది. వాళ్ళూ ఛాసిస్, బ్రేకు గొట్టాలు చూసుకునే కొనాలి. చలికాలంలో అడుగుభాగం తరచు కడిగించుకోవాలి.

ఇక కొన్నాక కాపాడుకోవడం. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదంటారు. ఉప్పు తిన్న లారీకి కూడా నీళ్ళు పట్టించాలి. ఉప్పు, చేపలు, ఎరువు దించిన రోజునే, మర్నాటికి వాయిదా వేయకుండా, అడుగుభాగం మంచినీళ్ళతో కడగాలి. మంచినీళ్ళు అని ఎందుకంటున్నానంటే, మన తీరప్రాంతంలో చాలాచోట్ల బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్ళతో కడిగితే జబ్బును జబ్బుతో కడిగినట్టే. చానళ్ళ లోపలి మట్టిని కర్రతో గీకి నీళ్ళు కొట్టాలి. నీళ్ళు పోయే రంధ్రాలు మూసుకుపోకుండా చూడాలి. కడిగాక ఎండలో ఆరనివ్వాలి. తడి బండికి వెంటనే పట్టా కప్పి పెట్టకూడదు.

ఏడాదికి రెండుసార్లు, మే నెలలో వానలకు ముందు ఒకసారి, తుపాన్ల రోజులు దాటాక సంక్రాంతి వేళ ఒకసారి, బండిని గుంట మీద పెట్టించి అడుగు చూడాలి. పెచ్చు లేచినచోట వైర్ బ్రష్‌తో మెరిసే ఇనుము కనబడేదాకా రుద్ది, దుమ్ము, నూనె తుడిచి, పొడిగా ఉన్నప్పుడు రెడ్ ఆక్సైడ్ ప్రైమరు వేసి, అది ఆరాక నల్లరంగు రెండు పూతలు వేయాలి. తుప్పు మీదే రంగు వేస్తే రంగు డబ్బులు కూడా తుప్పుకే. బ్రష్ అందని చానలు లోపలి సందుల్లో తుప్పు నిరోధక మైనపు నూనె పిచికారీ చేయించవచ్చు. కొందరు వాడేసిన ఇంజను నూనె పూస్తారు. అది రబ్బరు బుష్‌లను పాడుచేస్తుంది, బ్రేకు లైనింగు మీద పడితే బ్రేకు పట్టదు, నేలమీద కారి నీటినీ చెరుపుతుంది. అది వద్దు. గాలి ట్యాంకుల అడుగున చేరిన నీటిని రోజూ వదలాలి, లేకపోతే అవి లోపలి నుంచి తినేస్తాయి. ఇవన్నీ చేసిన తేదీలు ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టాలి. రేపు మీరు అమ్మేటప్పుడు ఆ పుస్తకమే మీ బండికి సాక్షి.

ఇదంతా నేను ఎక్కడ నేర్చుకున్నానంటారా? 2013లో మావాడు మళ్ళీ బండి కొందామన్నప్పుడు ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. వాడి దగ్గర మిగిలింది, నేను ఇవ్వగలిగింది కలిపితే ఇంకొక్క తప్పుకు చోటు లేదు. రావులపాలెం మేస్త్రీని బతిమాలి వెంట తీసుకువెళ్ళాను. అరవై రెండేళ్ళ వయసులో గోనెసంచి పరుచుకుని లారీ కింద పడుకున్నాను. నాలుగు బళ్ళు వద్దన్నాం. వాటిలో రెండింటికి కాగితాలు అద్దంలా ఉన్నాయి. అయిదోది చూడటానికి ఏమీ బాగాలేదు. రంగు వెలిసింది, అద్దం పగిలింది. సుత్తి వేస్తే మాత్రం ఈ చివర నుంచి ఆ చివరదాకా ఖంగుమంది. మేస్త్రీ నా వంక చూసి, "ఇప్పుడు కాగితాలు చూడండి గుమాస్తాగారూ" అన్నాడు. ఆ బండి మా ఇంట్లో తొమ్మిదేళ్ళు ఉంది. మా మనవరాలి ఇంజనీరింగు ఫీజులు అదే కట్టింది. మణికట్టు విరిగిన ఆ కుర్రాడు చేయి నయమయ్యాక మావాడి దగ్గరికే తిరిగి వచ్చి, డ్రైవింగు నేర్చుకుని, ఆ బండినే చాలాకాలం నడిపాడు. 2022లో అమ్మినప్పుడు కొన్నవాడికి నోటు పుస్తకం కూడా ఇచ్చాం.

కాగితాలు చూడవద్దని నేను అనను. ముప్ఫై అయిదేళ్ళు అన్నం పెట్టింది ఆ కాగితాలే. అమ్మినవాడు ఒకే రాష్ట్రంలోనైతే 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో బదిలీ సంగతి రిజిస్ట్రేషను అధికారికి తెలియజేయాలని చట్టం చెబుతోంది. అదీ మరవకండి. అయితే వరుస ముఖ్యం. ముందు ఇనుము, తర్వాత ఇంజను, ఆ తర్వాత కాగితం, చివరికి డబ్బు. నేను ఈ వరుసను తిరగేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను.

పిల్లలు అడిగినప్పుడు లేదనలేం. "ఇస్తాను, కాని ముందు నేను బండి కింద చూస్తాను, లేదా నా తరఫున చూసే మనిషిని పంపుతాను" అని చెప్పే హక్కు మనకుంది. అలా అంటే పిల్లల మీద నమ్మకం లేనట్టు కాదు. ఆ బండి కింద, ఆ బండి ముందు వెళ్ళేది వాళ్ళే కదా.

చివరగా ఒక మాట. నా మోకాళ్ళు ఇప్పుడు నన్ను లారీ కిందికి వెళ్ళనివ్వడం లేదు. అందుకని ఆ గోనెసంచి, అందులో టార్చి, సుత్తి, స్క్రూడ్రైవరు, అయస్కాంతం సంఘ కార్యాలయం బీరువాలో పెట్టి వెళ్తున్నాను. సభ్యులు ఎవరైనా తీసుకువెళ్ళవచ్చు. తీసుకున్న తేదీ, తిరిగి ఇచ్చిన తేదీ రిజిస్టరులో రాసి సంతకం పెట్టండి. ఎంతైనా గుమాస్తాను కదా.